హింసాత్మక వీడియో గేములు: పిల్లలను ఆపవలసింది చట్టమా, ఇల్లా?

2005 అక్టోబరులో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం ఒక చట్టం చేసింది. హింస మితిమీరిన వీడియో గేములను 18 ఏళ్లలోపు వారికి అమ్మినా, అద్దెకిచ్చినా దుకాణదారుకు 1,000 డాలర్ల వరకు జరిమానా పడుతుందని, అటువంటి గేము పెట్టె మీద రెండంగుళాల కొలతలో 18 అనే అంకె తప్పనిసరిగా ఉండాలని దాని సారాంశం. బిల్లు తెచ్చిన శాసనసభ్యుడు లీలాండ్ యీ పిల్లల మనస్తత్వ నిపుణుడు. సంతకం పెట్టిన గవర్నరు ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్, తుపాకులు పేల్చే పాత్రలతోనే ప్రపంచానికి తెలిసిన నటుడు. చట్టం మాత్రం ఒక్కరోజు కూడా అమలు కాలేదు. 2006 జనవరి 1న మొదలు కావలసిన దానిని అంతకుముందు డిసెంబరులోనే ఫెడరల్ జిల్లా కోర్టు నిలిపివేసింది. అప్పీళ్లు దాటుకుంటూ సుప్రీంకోర్టు చేరిన ఆ వ్యాజ్యంలో 2011 జూన్ 27న ఏడుగురు న్యాయమూర్తులు చట్టం చెల్లదన్నారు, ఇద్దరు చెల్లుతుందన్నారు.

హింసాత్మక ఆటలకు పిల్లలను దూరంగా ఉంచవలసింది ప్రభుత్వమా, తల్లిదండ్రులా అన్న ప్రశ్నను అంత విపులంగా, అంత బహిరంగంగా పరీక్షించిన సందర్భాలు అరుదు. ఆ తీర్పు అమెరికా రాజ్యాంగంలోని వాక్‌స్వాతంత్ర్యం మీద ఆధారపడింది కనుక భారతదేశానికి నేరుగా వర్తించదు. మన రాజ్యాంగంలోని 19(2) అధికరణం మర్యాద, నైతికతల పేరిట సహేతుకమైన ఆంక్షలకు వీలిచ్చింది. అయినా కాలిఫోర్నియా ఎదుర్కొన్న చిక్కులన్నీ రాజ్యాంగానికి సంబంధించినవి కావు. హింసను చట్టంలో ఎలా నిర్వచించాలి, హాని ఉందని దేనితో రుజువు చేయాలి, తల్లిదండ్రుల ఇష్టాయిష్టాలను ఎవరు తూచాలి అన్నవి ఏ దేశంలో చట్టం రాసేవారికైనా ఎదురయ్యే ప్రశ్నలే.

మొదటి చిక్కు నిర్వచనంతోనే వచ్చింది. మనిషి రూపాన్ని చంపడం, నరకడం, అంగవికలం చేయడం, లైంగికంగా దాడి చేయడం వంటి పనులకు ఆటగాడికి అవకాశమిచ్చే గేము చట్టం పరిధిలోకి వస్తుంది. అయితే అంతమాత్రాన ఆంక్ష పడదు. అది మైనర్లలోని వికృతమైన ఆసక్తిని రెచ్చగొట్టేదై ఉండాలి, సమాజం ఒప్పుకునే ప్రమాణాల ప్రకారం పిల్లలకు తగనిదై ఉండాలి, మొత్తం మీద చూస్తే పిల్లలకు పనికివచ్చే సాహిత్య, కళా, రాజకీయ, శాస్త్రీయ విలువ లేనిదై ఉండాలి. ఈ మాటలు కొత్తవి కావు. అశ్లీల పత్రికలను మైనర్లకు అమ్మరాదన్న న్యూయార్క్ చట్టాన్ని 1968లో సుప్రీంకోర్టు సమర్థించినప్పుడు వాడిన కొలబద్దనే కాలిఫోర్నియా తెచ్చుకుని, లైంగికత ఉన్నచోట హింసను పెట్టింది. వాదనల రోజున జస్టిస్ ఆంటొనిన్ స్కాలియా వేసిన ప్రశ్న ఆ అతుకును బయటపెట్టింది. వికృతమైన హింస ఉన్న గేము అంటున్నారు సరే, మామూలు హింస ఉన్న గేము అంటే ఏది అని ఆయన అడిగారు. దానికి సూటి జవాబు రాలేదు, వచ్చే వీలూ లేదు. నగ్నత్వానికి చట్టం ఒక హద్దు గీయగలదు; హింసకు హద్దు గీయాలంటే ఎవరు, ఎవరిని, ఎందుకు, ఏ కథలో కొట్టారన్నది చూడాలి.

మెజారిటీ తీర్పు రాసిన స్కాలియా పిల్లల కథలనే ఎత్తి చూపారు. స్నో వైట్ కథలో దుష్టరాణి ఎర్రగా కాలిన చెప్పులు తొడుక్కుని చచ్చేదాకా నాట్యం చేస్తుంది. సిండ్రెల్లా సవతి అక్కల కళ్లను పావురాలు పొడుస్తాయి. హాన్సెల్, గ్రెటెల్ తమను బంధించిన మంత్రగత్తెను పొయ్యిలో కాల్చేస్తారు. ఈ వాదన తెలుగువారికి ఇంకా తేలికగా అర్థమవుతుంది. హిరణ్యకశిపుని పొట్ట చీల్చి పేగులు మెడలో వేసుకున్న నరసింహుని కథను, దుశ్శాసనుని రొమ్ము చీల్చిన భీముని కథను నాయనమ్మల నోట వింటూనే ఇక్కడి పిల్లలు పెరుగుతారు. వినడం వేరు, తానే మీట నొక్కి చంపడం వేరన్న అభ్యంతరం వెంటనే వస్తుంది. కోర్టులోనూ వచ్చింది. ఫలితంతో ఏకీభవిస్తూనే జస్టిస్ శామ్యూల్ అలిటో, ఆయనతో కలిసి ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్, ఈ చట్టం అస్పష్టంగా ఉందని కొట్టివేయవచ్చు గాని, ఆట అనుభవం పుస్తకపఠనం లాంటిదేనని అంత తొందరగా తేల్చేయకూడదని హెచ్చరించారు. ఏడుగురు ఒకవైపు నిలిచారన్న లెక్క వెనుక అసలు విభజన ఇది: హింసాత్మక గేములకు పూర్తి వాక్‌స్వాతంత్ర్య రక్షణ ఉందని నిస్సందేహంగా అన్నవారు అయిదుగురే.

భిన్నాభిప్రాయం రాసిన ఇద్దరూ రెండు వేర్వేరు దారుల్లో నడిచారు. జస్టిస్ స్టీఫెన్ బ్రేయర్ అభ్యంతరం బలమైనది. పదమూడేళ్ల బాలుడికి నగ్నచిత్రమున్న పత్రికను అమ్మకుండా ఆపగల రాష్ట్రం, అదే బాలుడు తెర మీద ఒక స్త్రీని కట్టేసి, హింసించి, చంపే గేమును కొనుక్కుంటుంటే చూస్తూ ఊరుకోవాలా అని ఆయన అడిగారు. ఈ ప్రశ్నకు మెజారిటీ తీర్పు, పిల్లలను హింసాత్మక కథలకు దూరంగా ఉంచే సంప్రదాయం దేశంలో ఎన్నడూ లేదన్న చరిత్రనే సమాధానంగా చూపింది తప్ప తర్కంతో తృప్తిపరచలేకపోయిందనే చెప్పాలి. జస్టిస్ క్లారెన్స్ థామస్ మాత్రం తల్లిదండ్రులను తప్పించి నేరుగా పిల్లలతో మాట్లాడే హక్కు రాజ్యాంగం రాసిన తరానికి ఊహలో కూడా లేదన్నారు.

విశేషమేమిటంటే అందరూ తల్లిదండ్రుల పేరే చెప్పారు. తల్లిదండ్రులకు సాయపడటానికే ఈ చట్టమని రాష్ట్రం అంది. తల్లిదండ్రులు ఏమి కోరుకోవాలని రాష్ట్రం అనుకుంటుందో దానికే ఇది సాయపడుతుందని స్కాలియా తిప్పికొట్టారు. చట్టంలోనే ఒక మినహాయింపు ఉంది: తల్లి, తండ్రి, తాత, అమ్మమ్మ, అత్త, మామ, బాబాయి, పిన్ని ఎవరైనా సరే, ఆ గేమును బిడ్డ చేతికి ఇవ్వవచ్చు. బిడ్డ మెదడుకు గేము హాని చేసే మాట నిజమైతే మేనమామ ఇచ్చినా హాని చేస్తుంది. అయినా ఆ దారి తెరిచి ఉంచారంటే, ఈ విషయంలో చివరి మాట ఇంటిదేనని రాష్ట్రం తనకు తెలియకుండానే ఒప్పుకుందన్నమాట.

హాని ఎంత, రుజువు ఎంత

ఈ చర్చలో రెండు పక్షాలూ పరిశోధనల పేరు చెప్పుకుంటాయి. పిల్లల్లో దూకుడు పెరుగుతుందని చాలాకాలంగా వాదిస్తున్న ఐయోవా స్టేట్ యూనివర్సిటీ ఆచార్యుడు క్రెయిగ్ ఆండర్సన్, ఆయన సహచరులు 2010లో సుమారు 1,30,000 మంది మీద జరిగిన అధ్యయనాలను కలిపి విశ్లేషించి, సంబంధం ఉందని ప్రకటించారు. స్టెట్సన్ యూనివర్సిటీకి చెందిన క్రిస్టఫర్ ఫెర్గూసన్ 2015లో 101 అధ్యయనాలను తిరిగి లెక్కించి, చెప్పుకోదగిన ప్రభావం కనిపించలేదన్నారు. 2018లో 24 అధ్యయనాలను, సుమారు 17,000 మంది పిల్లలను పరిశీలించిన మరో విశ్లేషణ సంబంధం ఉందని తేల్చింది గాని దాని బలం సుమారు 0.08 మాత్రమే. ఒకటి అంటే పూర్తి సంబంధం, సున్నా అంటే ఏమీ లేనట్టు అనుకుంటే ఆ అంకె ఎక్కడ నిలుస్తుందో తెలుస్తుంది. 2019లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 14, 15 ఏళ్ల బ్రిటిష్ పిల్లలు సుమారు వెయ్యి మందిని, వారి తల్లిదండ్రులను కలిపి అడిగారు. ఏ లెక్కలు వేస్తామో ముందే నమోదు చేసి మరీ వేశారు. వారికి ఏ సంబంధమూ కనిపించలేదు.

అంకెలు ఇంతగా విభేదించడానికి ఒక ముఖ్య కారణం కొలిచే వస్తువులోనే ఉంది. ప్రయోగశాలలో ఎవరినీ నిజంగా కొట్టనివ్వరు కనుక, ప్రత్యర్థి చెవిలోని హెడ్‌ఫోనులోకి ఎంత పెద్ద శబ్దం పంపాలో ఎంచుకోమనడం, కారం ఇష్టంలేని మనిషికి ఎంత ఘాటైన సాసు వడ్డించాలో నిర్ణయించమనడం వంటి పద్ధతులతో దూకుడును లెక్కగడతారు. పది నిమిషాల పాటు ఆటలో తుపాకీ కాల్చిన విద్యార్థి ఆ తర్వాత కాసేపు చిరాకుగా ఉన్నాడంటే నమ్మవచ్చు. ఆ చిరాకు మరుసటి నెలలో బడి ఆవరణలో కత్తి అవుతుందనడానికి మాత్రం చాలా దూరం నడవాలి. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2020లో తన తీర్మానాన్ని సవరిస్తూ చెప్పిందీ దాదాపు ఇదే. అరవడం, నెట్టడం వంటి దూకుడుతో చిన్నదైనా నిలకడైన సంబంధం ఉంది. నిజమైన హింసకు, నేరాలకు గేములే కారణమనడానికి తగిన ఆధారం లేదు. అమెరికాలో 1990ల మధ్య నుంచి రెండు దశాబ్దాల పాటు గేముల వ్యాపారం విస్తరిస్తూ పోగా, హింసాత్మక నేరాల్లో మైనర్ల అరెస్టులు తగ్గుతూ వచ్చాయి. ఆ తగ్గుదలకు గేములు కారణమనలేం. గేములు వస్తే నేరాలు పెరుగుతాయన్న జోస్యం ఫలించలేదని మాత్రం అనవచ్చు.

ఇక్కడ ఒక తేడాను స్పష్టంగా పట్టుకోవాలి, ఈ చర్చలో ఎక్కువగా జారిపోయేది అదే. ప్రభుత్వం ఒకరిని శిక్షించాలంటే హాని ఉందని రుజువు చేయాలి, 0.08 బలంతో దుకాణదారుకు జరిమానా వేయడం న్యాయం కాదు. తల్లికి అటువంటి భారం లేదు. తొమ్మిదేళ్ల కొడుకు తలలు పేలే ఆట ఆడటం తనకు నచ్చకపోతే, ఏ పరిశోధనా పత్రమూ చూపకుండానే ఆమె వద్దనవచ్చు. వాడు రాత్రి ఉలిక్కిపడి లేస్తున్నాడని, చెల్లెలి మీద చేయి చేసుకుంటున్నాడని ఆమెకు తెలుస్తుంది. పక్కింటి పదిహేనేళ్ల పిల్లవాడికి అదే ఆట ఏమీ చేయకపోవచ్చునని కూడా తెలుస్తుంది. సగటు లెక్కల్లో కనిపించని ఒక్క బిడ్డను చూడగలిగేది ఇల్లే. హింస తగునా తగదా అన్న తీర్పు ఇంటికి చెందాలనడానికి బలమైన కారణం సంప్రదాయమో, తల్లిదండ్రుల పవిత్రహక్కో కాదు, ఈ తేడాయే.

భయపెట్టిన చట్టం, చేసిన చట్టం

అలాగని ప్రభుత్వం చేతులు ముడుచుకుని కూర్చున్న చోట్ల అంతా సవ్యంగా జరగలేదు. 1993లో మోర్టల్ కోంబాట్ గేములో ప్రత్యర్థి తల పెరికే దృశ్యాలు అమెరికా సెనేట్‌లో విచారణకు వచ్చాయి. మీరే వయసుల వర్గీకరణ పెట్టుకుంటారా, మమ్మల్ని పెట్టమంటారా అన్న ధోరణిలో సెనేటర్లు జోసెఫ్ లీబర్మన్, హెర్బ్ కోల్ పరిశ్రమను నిలదీశారు. ఫలితంగా 1994లో ఈఎస్‌ఆర్‌బీ అనే స్వీయ వర్గీకరణ సంస్థ పుట్టింది. ముద్రలైతే వచ్చాయి గాని దుకాణాలు వాటిని పట్టించుకోలేదు. 2000 సంవత్సరంలో, వినియోగదారుల రక్షణ చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మైనర్లను రహస్యంగా దుకాణాలకు పంపి చూస్తే, 17 ఏళ్లు నిండినవారికి మాత్రమే అని ముద్ర ఉన్న గేములను 85 శాతం మంది కొనుక్కురాగలిగారు. ఆ లెక్కలు బయటపెడుతూ, మళ్లీ మళ్లీ పరీక్షిస్తూ పోయేసరికి 2009 నాటికి అది 20 శాతానికి, 2013 నాటికి 13 శాతానికి దిగింది. చట్టం చేయలేని పనిని చట్టం వస్తుందన్న భయం, పేరు చెడుతుందన్న భయం చేయించాయి.

ఆ విజయం దుకాణం కౌంటరుకు చెందినది. తెలుగు నేల మీద అటువంటి కౌంటరు దాదాపు లేదు. ఇక్కడి పిల్లలు మొదట నెట్ సెంటర్లలో గంటకింత అని ఇచ్చి కౌంటర్ స్ట్రైక్ ఆడారు. 2016 తర్వాత మొబైల్ డేటా చవకై, 2018లో పబ్‌జీ మొబైల్ రావడంతో నేరుగా ఫోనులోకి దూకారు. వయసు అంకె ఉన్న పెట్టెను చేత్తో తిప్పి చూసిన తల్లిదండ్రులు డల్లస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండవచ్చు. గుంటూరులో, వరంగల్లులో ఆ అంకె యాప్ స్టోరులో ఒక మూల చిన్న అక్షరాలతో ఉంటుంది. గేము దింపుకునేది పిల్లవాడే కనుక దాన్ని చూసేదీ వాడొక్కడే.

పబ్‌జీ విషయంలో మన వ్యవస్థల స్పందన చూస్తే ప్రశ్న ఎంత గందరగోళంగా ఉందో తెలుస్తుంది. 2019 జనవరిలో ఢిల్లీలో జరిగిన పరీక్షా పే చర్చ కార్యక్రమంలో ఒక తల్లి కొడుకు ఆన్‌లైన్ ఆటల గురించి మొరపెట్టుకుంటే, పబ్‌జీ ఆడేవాడేనా అని ప్రధాని నరేంద్ర మోదీ అడగడంతో సభ నవ్వుల్లో మునిగింది. ఆ మార్చిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్ పోలీసులు ఆ ఆటను నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చి, ఆడుతూ దొరికిన పది మందిని అరెస్టు చేశారు; వారిలో కాలేజీ విద్యార్థులూ ఉన్నారు. పిల్లలను కాపాడటానికి పుట్టిన ఉత్తర్వు చివరికి కుర్రవాళ్లనే పోలీస్ స్టేషనుకు నడిపించింది. గేము చేసిన కంపెనీకి గాని, దాన్ని అందించిన యాప్ స్టోరుకు గాని ఏ ఇబ్బందీ కలగలేదు. ఆంక్ష పిల్లవాడి మీద పడాలా, అమ్మేవాడి మీద పడాలా అన్న మొదటి ప్రశ్నలోనే రాజ్‌కోట్ తప్పింది. జర్మనీలో 2003 నుంచి వయసు ముద్రలకు చట్టబలం ఉన్నా అది అమ్మేవారినే పట్టుకుంటుంది. ఇంట్లో తండ్రి ఏమి ఆడనిచ్చాడన్నది పోలీసుల పని కాదు.

2020 సెప్టెంబరు 2న కేంద్రం పబ్‌జీ మొబైల్‌ను మరో 117 యాప్‌లతో కలిపి నిషేధించినప్పుడు ఎంతోమంది తల్లిదండ్రులు ఊపిరి పీల్చుకున్నారు. అయితే ఆ ఉత్తర్వు ఐటీ చట్టం 69ఏ సెక్షను కింద దేశ సార్వభౌమత్వం, భద్రతల పేరిట వచ్చింది. పిల్లల కోసం కాదు. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్‌ను నిషేధించినదీ అదే సెక్షను. అయినా దాని మెరుగైన రూపం ఫ్రీ ఫైర్ మ్యాక్స్ అందుబాటులోనే ఉండిపోయింది, పిల్లలు ఒక గుర్తు మీది నుంచి పక్క గుర్తు మీదికి వేలు జరుపుకున్నారు. పబ్‌జీ కూడా దక్షిణ కొరియా కంపెనీ క్రాఫ్టన్ చేతుల మీదుగా 2021లో బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా పేరుతో తిరిగి వచ్చింది. 2022లో మళ్లీ మాయమై 2023 మేలో షరతులతో తిరిగి కనిపించింది. 18 లోపు వారికి రోజుకు మూడు గంటలు, పెద్దలకు ఆరు గంటలు అన్నది ఆ షరతుల్లో ఒకటి. గేములో చిందే రక్తం ఎర్రగా కాక ఆకుపచ్చగా ఉండటం మరో విశేషం. రంగు మారితే హింస తగ్గుతుందని నిజంగా నమ్మినవారు ఉన్నారో లేదో గాని, ఉత్తర్వులకు కొలవదగినదేదో ఒకటి కావాలి, రంగు దొరికింది.

మన దగ్గర తల్లిదండ్రులు మొరపెట్టుకునేది నిజానికి హింస గురించేనా అన్నదీ చూడాలి. ఆ తల్లి ప్రధానితో చెప్పుకున్నది చదువు పాడవుతోందని. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో 2014లో మొదలైన షట్ క్లినిక్‌కు వచ్చే కుటుంబాల సమస్య ఫోను వదలలేకపోవడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణలో చేర్చి, 2022 నుంచి అమలులోకి తెచ్చిన గేమింగ్ డిజార్డర్ నిర్వచనంలోనూ హింస ప్రస్తావన లేదు. అదుపు తప్పడం, మిగతా పనులన్నీ వెనక్కి పోవడం, నష్టం తెలిసినా ఆపలేకపోవడం అన్నవే ఉన్నాయి. తుపాకీ కనిపించేది కనుక నింద దాని మీద పడుతుంది. నిద్ర, చదువు, డబ్బు మింగేది దాని వెనుక, ఆటను వదలనివ్వకుండా అల్లిన అల్లిక.

గడియారం పట్టుకున్న ప్రభుత్వాలు

అదుపు తప్పే సమయాన్ని చట్టంతో కోయవచ్చుననుకున్న రెండు దేశాల అనుభవం చూడదగినది. దక్షిణ కొరియా 2011లో 16 ఏళ్లలోపు వారు అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు దాకా ఆన్‌లైన్ గేములు ఆడరాదని చట్టం చేసింది. 2014లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం దాన్ని సమర్థించింది కూడా. కాని ఆ చట్టం కంప్యూటరు ఆటలను దృష్టిలో పెట్టుకుని రాసినది, పిల్లలు ఈలోగా ఫోన్లకు మారిపోయారు. కంప్యూటరు దగ్గర మిగిలినవారు అమ్మానాన్నల పౌర గుర్తింపు సంఖ్యతో లాగిన్ అయ్యారు. చివరికి, కొరియాకు మాత్రం వేరే ఏర్పాటు చేయడం తయారీ కంపెనీకి కుదరక, ఇటుకలు పేర్చుకునే మైన్‌క్రాఫ్ట్ ఆటకు 19 ఏళ్లు నిండాలనే విచిత్ర పరిస్థితి వచ్చింది. 2021లో ప్రభుత్వమే రద్దు ప్రకటించింది.

చైనా ఇంకా గట్టిగా బిగించింది. 2019లో మామూలు రోజుల్లో గంటన్నర అంది. 2021 ఆగస్టులో దాన్ని కుదించి శుక్ర, శని, ఆదివారాలు, సెలవు రోజుల్లో రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది దాకా మాత్రమే అంది. జాతీయ గుర్తింపుతో లాగిన్, అక్కడి పెద్ద గేముల కంపెనీ టెన్సెంట్ పెట్టిన ముఖ గుర్తింపు కెమెరా అన్నీ దీనికి తోడయ్యాయి. 2019 ఆంక్షల తర్వాత కాలాన్ని పరిశీలిస్తూ, 700 కోట్ల గంటలకు పైబడిన ఆట సమాచారాన్ని విశ్లేషించిన ఒక అధ్యయనం 2023లో ప్రచురితమైంది. అతిగా ఆడటం తగ్గిందనడానికి నమ్మదగిన ఆధారం అందులో దొరకలేదు. తాతయ్య పేరు మీద ఖాతా ఉన్న ఇంట్లో ఏ చట్టానికైనా అంతకంటే ఎక్కువ చేతకాదు. పైగా అటువంటి చట్టం సరిగ్గా పనిచేయాలంటే పిల్లలవే కాదు, దేశంలోని ప్రతి ఆటగాడి ముఖాన్నీ, గుర్తింపునూ కంపెనీ దగ్గర పెట్టుకోవాలి. పిల్లల భద్రత కోసం అంత ధర చెల్లించవచ్చునా అన్నదే అసలు ప్రశ్న. ఇక్కడ అడగక తప్పదు.

ప్రభుత్వం చేయి ఆనిన చోటల్లా విఫలమైందని దీని అర్థం కాదు. 2022 డిసెంబరులో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఫోర్ట్‌నైట్ తయారీదారు ఎపిక్ గేమ్స్ నుంచి 52 కోట్ల డాలర్లు రాబట్టింది. అందులో 27.5 కోట్లు పిల్లల వివరాలను తల్లిదండ్రుల అనుమతి లేకుండా సేకరించినందుకు. మిగతాది ఒక్క మీట పొరపాటున తగిలితే డబ్బు కట్ అయ్యేలా తెరను అల్లి కొనిపించినందుకు ఆటగాళ్లకు వాపసు. పిల్లల ఖాతాల్లో అపరిచితులతో మాటలు, రాతలు మొదటి నుంచే తెరిచి ఉండటం కూడా ఆరోపణల్లో ఉంది. ఫోర్ట్‌నైట్ నిండా తుపాకులే ఉన్నా, మొత్తం వ్యవహారంలో తుపాకీ ప్రసక్తి రాలేదు. జర్మనీ 2021లో చట్టాన్ని సవరించి, వయసు ముద్ర వేసేటప్పుడు చాటింగ్, ఆటలో కొనుగోళ్ల వంటి వాటిని కూడా లెక్కలోకి తెచ్చింది. ఆస్ట్రేలియా 2024 సెప్టెంబరు నుంచి, ఏముందో తెలియని పెట్టెను డబ్బుపెట్టి తెరిపించే గేములకు వయసు వర్గం పెంచింది. హింస లాగా కాకుండా ఇవన్నీ లెక్కపెట్టగలిగినవి: ఎంత డబ్బు పోయింది, ఎవరు అనుమతించారు, ఏ మీట ఎక్కడ పెట్టారు.

తెలుగు రాష్ట్రాలు గేముల మీద చేసిన చట్టాలూ ఇదే చెబుతాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ రమ్మీ వంటి పందేలను ఆపడానికి గేమింగ్ చట్టాలను సవరించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం గురి కూడా డబ్బు పందేల మీదనే. డబ్బు పెట్టారా లేదా అన్నది తేల్చవచ్చు కనుకనే అక్కడ చట్టానికి పట్టు దొరికింది. వాటి మంచిచెడ్డలు వేరే చర్చ.

ఇక తల్లిదండ్రులే చూసుకోవాలనే మాట. కంపెనీలు ఈ మాటను ఇష్టంగా వాడతాయి, అందుకే దాన్ని కాస్త అనుమానంగా చూడాలి. ఇంట్లో ఉన్నది ఒక్క స్మార్ట్‌ఫోను, అది తండ్రి పేరు మీది ఖాతాతో ఉంటుంది, సాయంత్రం పిల్లవాడి చేతికి వస్తుంది. ఆ ఫోను దృష్టిలో వాడు నలభై ఏళ్ల మనిషి. తల్లిదండ్రుల నియంత్రణ అమరికలు ఆంగ్లంలో నాలుగైదు తెరల వెనుక ఉంటాయి. వాటిని అమర్చడం తెలిసిన మనిషి ఇంట్లో ఒక్కడే, వాడి వయసు పన్నెండు. తల్లి గల్ఫ్‌లో పని చేస్తూ బిడ్డ అమ్మమ్మ దగ్గర పెరిగే కోనసీమ ఇళ్లలో, ఇద్దరూ షిఫ్టులకు వెళ్లే హైదరాబాదు ఇళ్లలో చూసుకోవడం అన్న మాటకు ఎంత సమయం మిగులుతుందో ఊహించవచ్చు. పక్కన కూర్చుని ఒక గంట ఆట చూడటం, ఎవరితో ఆడుతున్నావని అడగడం, ఇది పదేళ్లవాడికి తగదని కారణం చెప్పి ఆపడం నిషేధాల కంటే మెరుగ్గా పనిచేస్తాయనడంలో సందేహం లేదు. అయితే వద్దని తల్లి చెప్పిన మాట, ఆమె వంటింట్లోకి వెళ్లగానే ఒక మీటతో చెరిగిపోయేలా గేమును, ఫోనును తయారు చేసినవారు బాధ్యత నుంచి తప్పుకోలేరు. తీర్పు ఇంటిదైనా ఆ తీర్పు నిలబడేలా తాళం బిగించవలసినది కంపెనీ. బిగించమని కంపెనీని ఒప్పించగల శక్తి ఏ ఒక్క ఇంటికీ లేదు, ప్రభుత్వానికే ఉంది.

ఆ దిశలో మన దేశంలో ఉన్న ముఖ్యమైన ఆధారం 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం. 18 ఏళ్లలోపు వారి వివరాలు తీసుకోవాలంటే ధ్రువీకరించదగిన తల్లిదండ్రుల అనుమతి ఉండాలని, పిల్లల కదలికలను వెంబడించి వారికి గురిపెట్టిన ప్రకటనలు చూపరాదని దాని తొమ్మిదో సెక్షను చెబుతుంది. ఉల్లంఘిస్తే జరిమానా 200 కోట్ల రూపాయల దాకా ఉండవచ్చు. 2025 నవంబరులో నియమావళి వెలువడింది, ఈ అనుమతి నిబంధనలకు మాత్రం పద్దెనిమిది నెలల గడువిచ్చారు. పిల్లవాడు తన వయసు తానే రాసుకునే పద్ధతి కొనసాగితే ఈ సెక్షను కూడా కొరియా చట్టం దారినే పోతుంది. అలా కాక, ఫోను కొన్నప్పుడే ఇది ఎవరు వాడతారని ఒకసారి అడిగి, పిల్లల ఖాతాకు అన్ని యాప్‌లూ లోబడేలా చేస్తే ప్రతి కంపెనీకీ ఆధార్ కాగితాలు అప్పగించే అవసరం తప్పుతుంది.

వర్గీకరణ విషయంలో ఖాళీ ఇంకా పెద్దది. సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని 2023లో సవరించి యూఏ ముద్రను 7, 13, 16 ఏళ్లుగా విడగొట్టారు. ఓటీటీలకు 2021 ఐటీ నియమాల్లో అటువంటి వర్గాలే ఉన్నాయి. గేముకు మాత్రం యాప్ స్టోరు ఇచ్చిన అంకే దిక్కు, అది కూడా తయారీదారు నింపిన ప్రశ్నావళి మీద ఆధారపడినది. ముద్ర ఒక్కటే చాలదని థియేటర్లు ఎప్పుడో చూపించాయి. పెద్దలకు మాత్రమే అనే ‘ఎ’ సర్టిఫికెట్ ఉన్న సినిమా మొదటి ఆటకు నాన్న భుజాల మీద కూర్చుని వచ్చే బిడ్డను గేటు దగ్గర ఆపే యజమాని అరుదు. అందుచేత గేముల ముద్రకు అంకె కంటే ఎక్కువ కావాలి. ఇందులో రక్తం చూపిస్తారు, అపరిచితులు మాట్లాడతారు, డబ్బు అడుగుతారు అనే మూడు మాటలు దింపుకునే ముందు తెలుగులో, పెద్ద అక్షరాలతో, తండ్రి ఫోనుకు వచ్చే అనుమతి సందేశంలోనే ఉంటే, చదివి కాదనే అవకాశమైనా ఆయనకు దొరుకుతుంది.